మకరద్వారం ముందు రెండు గీతలు

రత్నకూట రాజ్యపు యువరాజు అజితసేనుడూ, అతని బాల్యమిత్రుడు, మంత్రికొడుకు సారంగుడూ తారతమ్యపురం కోటగుమ్మం ముందుకు వచ్చేసరికి సూర్యుడు బారెడు పైకెక్కాడు. ఇద్దరూ పంతుళ్ళ వేషంలో ఉన్నారు. భుజాన శాలువా, చేతిలో బెత్తం, నుదుట విభూతి రేఖలు. యువరాజు కత్తి మాత్రం పంచె మడతల్లో దాగి ఉంది. మాంత్రికుడు విషమకేతుడు దేశదేశాల నుంచి ఎత్తుకొచ్చిన పిల్లల్లో అజితసేనుడి చిట్టిచెల్లెలు కుముదిని కూడా ఉంది. రాబోయే సూర్యగ్రహణం వేళ అతడు ఆ పిల్లలందర్నీ తన సింహాసనానికి మెట్లుగా, ఒక్కొక్కరిని ఒక్కొక్క ఎత్తు రాయిగా మార్చేస్తాడు. ఈలోగా వాళ్ళను బయటికి తేవాలి.

నగరం మహా అందంగానూ ఉంది, మహా వంకరగానూ ఉంది. మేడలకు పగడాల గుమ్మాలు, వైడూర్యాల కిటికీలు, సూర్యకాంతిలో ధగధగలాడే బంగారు కలశాలు ఉన్నాయి. కానీ ఏ రెండు స్తంభాలూ ఒకే ఎత్తులో లేకపోవడంతో కప్పులన్నీ పక్కకు వాలి ఉన్నాయి. వీధికి ఇరువైపులా పూచిన అశోకచెట్లలో ఒక వరసను నడుముల దాకా నరికేశారు. కవలలిద్దరు వస్తుంటే ఒకడు పీటలంత ఎత్తు పావుకోళ్ళు తొడుక్కున్నాడు, రెండోవాడు వట్టికాళ్ళతో నడుస్తున్నాడు. మిఠాయి అంగడివాడు రెండు లడ్డూలు ఒకే పరిమాణంలో వచ్చాయని గమనించి, ఒకదాన్ని గబుక్కున కొరికి పళ్ళెంలో పెట్టాడు. కొనడానికి వచ్చినావిడ ఆ రెండూ కట్టించుకుని వెళ్ళింది. అది అక్కడి చట్టం. ఆ ఊళ్ళో రెండు వస్తువులు సమానంగా కనబడితే శిక్ష పడుతుంది.

దీనికంతటికీ కారణం విషమకేతుడి ఆకలి. మనిషికి పక్కవాణ్ని చూసి కడుపు మండినప్పుడు సన్నటి పొగ ఒకటి పుడుతుంది. మామూలు కళ్ళకు అది కనబడదు. మాంత్రికుడికి మాత్రం కనబడుతుంది. దాన్ని పీల్చుకునే అతడు వందల ఏళ్ళుగా నల్లటి జుట్టుతో, నిగనిగలాడే చెంపలతో బతుకుతున్నాడు. పిల్లల కడుపుమంట అన్నిటికన్నా కమ్మగా ఉంటుందట. అందుకే వాళ్ళ కోసం గుణితశాల కట్టించాడు.

పంతుళ్ళను చూడగానే ద్వారపాలకుడు ఈటె అడ్డం పెట్టాడు. "ఇద్దరూ లెక్కల అయ్యవార్లేనా? సరే. మీలో ఎవరెక్కువో చెప్పి లోపలికి పోండి" అన్నాడు.

అజితసేనుడు రెప్ప వేసినంత సేపైనా ఆలోచించకుండా తానే ఎక్కువ అన్నాడు. ద్వారపాలకుడు నవ్వి, అందరూ అలాగే అంటారని చెప్పి, మూతికి గుడ్డ కట్టిన రెండు కుండలు తెచ్చాడు. దేంట్లో గింజలు ఎక్కువున్నాయో విప్పకుండా చెప్పాలి. యువరాజు రెండింటినీ ఎత్తి చూసి, బరువుగా ఉన్నదాంట్లోనే అన్నాడు. సారంగుడు వాటిని ఎత్తనే లేదు. వేలితో తట్టి విని, బరువైనది మందపాటి కుండ అనీ, గింజలు తేలికైనదాంట్లోనే ఎక్కువనీ చెప్పాడు. విప్పి చూస్తే అతని మాటే నిజమైంది.

ఇంకేముంది, సారంగుణ్ని పల్లకిలో కూర్చోబెట్టారు. రత్నకూట సింహాసనానికి వారసుడి నెత్తిన సారంగుడి మూట పెట్టారు. మొయ్యక తప్పలేదు పాపం. ఆ మూటలో ఉన్నది రెండు పంచెలూ, కాసిని అటుకులే అయినా అజితసేనుడికి అది మెడ విరిగేంత బరువనిపించింది. తను వేటలో పులిని చంపిన రోజున కూడా ఊరంతా సారంగుడి పాటనే మెచ్చుకున్న సంగతి అతనికి అప్పుడే ఎందుకు గుర్తొచ్చిందో మరి.

పల్లకి వెంట నడుస్తూ ద్వారపాలకుడు ఊరి గొప్పలన్నీ ఏకరువు పెట్టాడు. లోపలికి రావడం సులువేనట, బయటికి పోవడమే కష్టమట. తూర్పు చివర మకరద్వారం ఉంది. అక్కడ గోడలోంచి రాతిమొసలి తల ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి అటొకటి, ఇటొకటి రాతిపలకలు. బయటికి పోదలచినవాళ్ళు ఇద్దరేసి వచ్చి, చెరో పలక మీదా నిలబడాలి. మొసలి చూసేది ఒంటి బరువు కాదు. ఒకరినొకరు చూసుకున్నప్పుడు మనసులో ఎవరు ఎక్కువ అనిపిస్తే, అటు తల తిప్పి నోరు తెరిచి వాళ్ళను మింగేస్తుంది. ఎవరికీ ఎక్కువతక్కువలు తోచకపోతే మాత్రం దవడలు రెండూ పలకల్లా చదునై దారి ఇస్తాయట. అలా జరగగా చూసినవాడు ఊళ్ళో లేడని ద్వారపాలకుడు గర్వంగా చెప్పాడు.

మిత్రులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పిల్లల్ని ఎత్తుకుపోవడం కుదరదని, ముందు వాళ్ళకు సమానం అంటే ఏమిటో నేర్పాలని అర్థమైంది. అజితసేనుడు ఆ పని తానే చేస్తానని పట్టుబట్టాడు. తన చెల్లెలు కాబట్టి అన్నది పైకి చెప్పిన కారణం. అసలు కారణం ఆ మూట.

గుణితశాల ఏడురంగుల చలువరాళ్ళ మండపం. పిల్లలు ఎక్కువతక్కువల వరసలో, మెట్లుమెట్లుగా పేర్చిన పీటల మీద కూర్చున్నారు. ప్రతివాళ్ళ భుజానా నోరు తెరిచిన మొసలిలాంటి గుర్తు కుట్టి ఉంది. నోరు ఎటు ఉంటే అటువైపు పిల్ల ఎక్కువ, మొన ఎటు ఉంటే అటువైపు పిల్ల తక్కువ. పొద్దున్నే లేచి ఎవరి జడ పొడుగు, ఎవరి గొంతు తీపి, ఎవరు ఎక్కువ తిన్నారు అని తేల్చుకుని ఆ గుర్తులు తిప్పి కుట్టుకోవడం వాళ్ళ రోజువారీ పని. కింది నుంచి రెండో పీట మీద కుముదిని, పక్కనే ఉన్న హరిణి అనే పిల్ల పొడుగాటి జడను మింగేసేలా చూస్తోంది. అన్నను గుర్తుపట్టి నోరు తెరవబోయింది. అతడు కళ్ళతోనే వద్దన్నాడు. ఆ పిల్ల పలక ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుని, పెదవులు కదిలీ కదలకుండా "అన్నయ్యా" అంది. పక్కనే ఉన్న సారంగుడు ఆ మాట విని తల తిప్పుకున్నాడు.

కాపలావాళ్ళు బయటికి వెళ్ళగానే అజితసేనుడు పలక మీద ఒకదాని కింద ఒకటి రెండు గీతలు గీశాడు. ఇది సమానపు గుర్తు, అటూ ఇటూ ఒకటే ఉంటే ఇది వెయ్యాలి అని బెత్తం ఝళిపించి చెప్పాడు. పిల్లలు తెల్లమొహాలు వేశారు. ముందు పళ్ళు ఊడిన ఒక బుడతడు లేచి, "పంతులుగారూ, పై గీత ఎక్కువా, కింద గీత ఎక్కువా?" అని అడిగాడు.

"పైదే" అన్నాడు అజితసేనుడు.

పుట్టినప్పటి నుంచి ఎత్తుపీట మీద కూర్చున్నవాడి నోట ఇంకే జవాబు వస్తుంది? అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే మండపం అదిరిపోతోంది. పై గీత నాదంటే నాదని పిల్లలు జుట్లు పట్టుకున్నారు. కుముదిని హరిణి జడను గుంజింది. అక్కడ అంతఃపురంలో విషమకేతుడు ఆ పొగ పీల్చి, ఇవాళ పాఠం బ్రహ్మాండంగా సాగుతోందని మురిసిపోయాడు.

మర్నాడు సారంగుడు పాఠం చెప్పాడు. అతడు బెత్తం తేలేదు. రెండు ఆకుదొప్పలు తెచ్చి, ఒకదాంట్లో మూడు గురిగింజలూ రెండు చింతగింజలూ వేశాడు. రెండోదాంట్లో నాలుగు గురిగింజలూ ఒక చింతగింజా వేశాడు. ఏది ఎక్కువో గుర్తు పెట్టమని హరిణికి బలపం ఇచ్చాడు. ఎర్రగా కనబడుతున్న దొప్ప వైపు ఆ పిల్ల నోరు తెరిచిన గుర్తు గీసింది. లెక్కపెట్టి చూసి చెరిపేసింది. అటు తిప్పి గీసింది. మళ్ళీ చెరిపేసింది. మొసలి ఎటు తిరగాలో తెలియక ఏడుపుమొహం పెట్టింది.

సారంగుడు ఆమె పక్కన చతికిలబడ్డాడు. పాత గుర్తులో రెండు గీతలూ ఒకచోట కలిసే మొన ఉంటుంది కదా, ఆ మొనను వేలితో చెరిపి, అక్కడ కూడా గీతల మధ్య నోటి దగ్గరున్నంత ఎడమే ఉండేలా దిద్దాడు. రెండు గీతలూ చక్కగా పడుకున్నాయి.

"ఇప్పుడు దీనికి నోరూ లేదు, మొనా లేదు. ఇది ఎవర్నీ తినదు" అన్నాడు.

నిన్నటి బుడతడు ఊరుకుంటాడా, పై గీత సంగతి మళ్ళీ అడిగాడు. సారంగుడు పలకను తలకిందులుగా తిప్పి వాడి చేతిలో పెట్టాడు. పైది కిందికొచ్చింది, కిందిది పైకొచ్చింది, గుర్తు మాత్రం మారలేదు. వాడు పలకను అలా తిప్పుతూనే ఉండిపోయాడు. గింజల రంగులు వేరైనా మొత్తం ఒకటే అయినట్టు, జడ పొడుగున్న పిల్లా, చెట్టెక్కడం వచ్చిన పిల్లా వేరువేరుగా ఉంటూనే సమానం కావచ్చని సారంగుడు చెబుతుంటే పిల్లలు గుటకలు మింగుతూ విన్నారు. కాసేపటికి కుముదినీ హరిణీ ఒకే పీట మీద ఇరుక్కుని కూర్చుని, దొప్పల్లో గింజలు మార్చి మార్చి రెండు గీతలు గీసుకుంటూ కిలకిల నవ్వుకున్నారు.

అజితసేనుడు స్తంభం పక్కన నిలబడి ఇదంతా చూశాడు. పని అవుతున్నందుకు సంతోషించాలి. సంతోషం రాలేదు. కుముదిని వచ్చి, సారంగుడు పంతులుగారు ఎంత బాగా చెప్పారో, నీకన్నా ఎంత బాగా చెప్పారో అని గుసగుసలాడితే అతనికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. ఇంట్లో పెట్టెలనిండా ముత్యాలు, వెనక సైన్యం, తండ్రి రాజ్యం అన్నీ ఉన్నా ఆ రెండు గీతలు తనకెందుకు తట్టలేదని రోజల్లా కుమిలిపోయాడు. సారంగుడు నవ్వితే ఎగతాళి అనిపించింది. నవ్వకపోతే గర్వం అనిపించింది.

పిల్లల పొగ ఆగిపోయేసరికి విషమకేతుడి జుట్టు తెల్లబడసాగింది. చెంపలు జారాయి, పైకి మెలేసిన ఒక మీసం, కిందికి దువ్విన ఒక మీసం రెండూ కిందికే వాలిపోయాయి. అయినా నడినెత్తిన ఒక పాయ మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. ఎక్కడినుంచో ఒకే ఒక్క పొగ చిక్కగా వస్తోందన్నమాట. మాంత్రికుడు దాన్ని వాసన పట్టుకుంటూ వచ్చి, గుణితశాల వెనక పొగడచెట్టు కింద ఒంటరిగా కూర్చున్న అజితసేనుడి దగ్గర ఆగాడు.

తిడతాడేమో అనుకుంటే, అతడు యువరాజు భుజం మీద చెయ్యి వేశాడు. ఇంత మంచి కడుపుమంట తన ఆయుష్షులో ఎరగనన్నాడు. తన ఆస్థానంలో ప్రధానాచార్యుణ్ని చేస్తానన్నాడు. ఏనుగు అంబారీ, పైన తెల్లగొడుగు, సారంగుడు కింద నడుస్తూ వింజామర వీచడం, అన్నీ కళ్ళకు కట్టినట్టు వర్ణించాడు. ఆఖరున చల్లగా, పిల్లలకు ఆ రెండు గీతలు నేర్పింది నువ్వేనా అని అడిగాడు.

"నేను కాదు" అన్నాడు అజితసేనుడు.

ఉన్నదే ఇద్దరు పంతుళ్ళు. మాంత్రికుడు నవ్వి వెళ్ళిపోయాక గానీ తన నోటి నుంచి వచ్చిందేమిటో యువరాజుకు తెలిసిరాలేదు. పరుగున వెళ్ళి, విషమకేతుడికి అంతా తెలిసిపోయిందని సారంగుడికి చెప్పాడు. ఎలా తెలిసిందో చెప్పలేదు.

అప్పటికే సూర్యుడి అంచు నల్లబడుతోంది. నగారాలు మోగాయి. మిత్రులిద్దరూ పిల్లల్ని వెంటబెట్టుకుని గుణితశాల వెనకగోడ దూకి, వంకర మేడల మధ్య సందుల్లో పడి పరుగుతీశారు. మెట్లన్నీ ఒక్కోటి ఒక్కో ఎత్తు కావడంతో పెద్దవాళ్ళు బోర్లా పడ్డారు గానీ అలవాటైన పిల్లలు మేకపిల్లల్లా గెంతారు. వెనక భటుల దండు తరుముకొస్తోంది. ఇరుకు తోరణం దగ్గరికి వచ్చేసరికి భటులు టక్కున ఆగారు. ఆ ఊరి ఆచారం ప్రకారం, ఎక్కువవాడు ముందు దూరాలి. ఎవరు ఎక్కువో తేల్చుకోవడానికి వాళ్ళు అక్కడే ఈటెలు కొలుచుకుంటూ కొట్లాడుకుంటుంటే పిల్లలు తూర్పు చివరకు చేరిపోయారు.

మకరద్వారం మసక వెలుతురులో భయంకరంగా ఉంది. పాచిపట్టిన రాతితల, కెంపుల కళ్ళు, కొండచరియల్లాంటి దవడలు, వాటి మధ్య వరసలు తీరిన కోరలు. కుముదినీ హరిణీ ముందుకొచ్చారు. నేల మీద దుమ్ములో వేలితో రెండు గీతలు గీసి, చెరో పలకా ఎక్కి ఒకరినొకరు చూసుకున్నారు. రాతితల అటు కదిలింది, ఇటు కదిలింది. అజితసేనుడు పంచె మడతల్లో కత్తిపిడి పట్టుకున్నాడు. ఇద్దరు పిల్లలకీ ఒకేసారి నవ్వొచ్చింది. దవడలు గరగరమని జారి, రెండు రాతిబల్లల్లా చదునుగా పరుచుకున్నాయి. పిల్లలు వాటి మీదుగా గెంతి అవతల పడ్డారు. ఆ వెనక మిగతావాళ్ళందరూ జంటలు జంటలుగా దాటిపోయారు. చివరికి ఇవతల మిత్రులిద్దరే మిగిలారు.

సారంగుడు ఒక పలక ఎక్కాడు. అజితసేనుడు కదల్లేదు. తను ఎక్కితే ఆ నోరు ఎటు తిరుగుతుందో అతనికి బాగా తెలుసు. అలాగని ఆగితే భటులు వస్తారు. సారంగుడు రమ్మని చెయ్యి చాచాడు. యువరాజు ఎక్కాడు.

మొసలితల ఒక్క ఉదుటున సారంగుడి వైపు తిరిగింది. నోరు తెరుచుకుంది. వేడి ఊపిరికి అతని శాలువా ఎగిరిపోయింది.

"నిన్ను చూసి నేను కుళ్ళిపోతున్నాను, సారంగా. ఈ ఊరు వచ్చాక కాదు, చిన్నప్పటి నుంచీ. ఇందాక మాంత్రికుడు అడిగితే, నీ పేరు చెప్పలేదు గానీ చెప్పినంత పనీ చేశాను" అన్నాడు అజితసేనుడు. అన్నాక లోపలి మంట కాస్త తగ్గింది.

కోరలు సారంగుణ్ని వదిలాయి. తల గిర్రున తిరిగి యువరాజు ముఖం మీదికి నోరు తెరిచింది. అజితసేనుడు నిర్ఘాంతపోయాడు. తనను ఎక్కువ అనుకుంటున్నది ఎవరు? ఎదుట సారంగుడి ముఖం పాలిపోయి ఉంది.

"నేనూ తక్కువ తినలేదు, యువరాజా. నాకు తోబుట్టువులు లేరు. ఆ పిల్ల నిన్ను అన్నయ్యా అంటుంది, నన్ను పంతులుగారూ అంటుంది. ఆ పిలుపు నా వైపు తిప్పుకుందామనే పాఠం అంత ముద్దుగా చెప్పాను" అన్నాడతను.

రాతితల మధ్యకు వచ్చింది. ఇటూ అటూ ఊగి ఆగింది. కళ్ళ కెంపులు ఆరిపోయాయి. దవడలు రెండూ చదునయ్యాయి. ఇద్దరూ ఒకేసారి దూకి, చేతులు పట్టుకుని అవతలికి పరుగెత్తారు.

ఎదురుగా పచ్చిక మైదానం, దూరంగా వెండితీగలా మెరిసే నది, ఒడ్డున వాళ్ళ పడవ. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. సగం కప్పబడిన సూర్యుడి కింద కుముదిని చేతులు చాచుకుని పరుగున వచ్చింది. ద్వారం అవతలి మాటలన్నీ విన్నట్టుంది. నేరుగా వచ్చి సారంగుడి మెడకు వేలాడి, "అన్నయ్యా" అని పిలిచింది.

సారంగుడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అజితసేనుడు నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు గానీ, ఇన్నాళ్ళూ తనకొక్కడికే దక్కిన ఆ మాట చేజారేసరికి కడుపులో ఎక్కడో చురుక్కుమంది. పోనీలే అనుకున్నాడు. మళ్ళీ చురుక్కుమంది.

వెనక కోటలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చిన చప్పుడైంది. అందరూ తిరిగి చూశారు. ద్వారం అవతల గట్టు మీద విషమకేతుడు నిలబడి ఉన్నాడు. తెల్లటి జుట్టు వాళ్ళ కళ్ళముందే కుదుళ్ళ నుంచి నల్లబడుతోంది, వాలిన మీసం ఒకటి మెలితిరిగి లేస్తోంది. అతడు చిటికె వేశాడు. కోటగోడ పగిలింది. గోడలో ఇరుక్కున్న రాతిమొసలి మొత్తం ఒళ్ళు విదిల్చుకుని, నాలుగు కాళ్ళతో పచ్చిక మీదికి దిగి, కుముదినిని ఎత్తుకుని నిలబడిన సారంగుడి వైపు నోరు తెరిచింది.

అజితసేనుడు కత్తి దూసి అడ్డం పరుగెత్తాడు. మొసలి అతని వంక చూడను కూడా చూడలేదు. అది తన కడుపుమంట వల్లనే నడుస్తోందని అతనికి తెలుసు. చేతిలో కత్తి ఉంది, దాంతో దేన్ని నరకాలో తెలియలేదు.